పిండి ఎంతో రొట్టె అంతే

ఇందుమూలంగా కల్లూరు ఆటోస్టాండు పరిసర ప్రజానీకానికి తెలియజేయడమేమనగా: ఇకమీదట ఎవరైనా సరే, గుంపు ఫోటోలో శనగగింజంత ఉన్న తలకాయను కత్తిరించుకొచ్చి దుప్పటంత సైజులో అచ్చు వేయించుకోవచ్చును. పెళ్లికొడుకు కాళ్లు తెగిపోయినా, పెళ్లికూతురి ముక్కు గళ్లుగళ్లుగా పగిలినా అడిగే నాథుడు లేడు. తిట్టే నోరు మూతపడింది కనుక ప్రజలు నిర్భయంగా సంచరించవలసిందిగా కోరడమైనది.

ఎందుకంటే మా స్టూడియో భాయ్ చనిపోయాడు. శుక్రవారం పొద్దున నేను ఆటో టైరు విప్పుతుంటే మసీదు మైకులో ఎవరి పేరో చదివారు. ఎవరో పాపం అనుకున్నాను. ఇన్నేళ్లు గోడకు ఈ పక్కన నేను, ఆ పక్కన ఆయన. అయినా ఆయన అసలు పేరు నాకు తెలియదు. రెండోసారి చదివినప్పుడు ‘కల్లూరు స్టూడియో’ అని కూడా అన్నారు. తల తిప్పి చూస్తే షట్టరు దించి ఉంది. రాత్రి పడుకున్న మనిషి లేవలేదట.

ఆయనది ఫోటో స్టూడియో, నాది పంక్చరు షాపు. ఒకప్పుడు జనం దువ్వెన జేబులో పెట్టుకుని ఆయన ముందు కూర్చోవడానికి వచ్చేవాళ్లు. ఫోన్లు వచ్చాక ఎవరి ఫోటో వాళ్లే తీసుకుంటున్నారు. ఇక ఆయనకు మిగిలింది ఆ ఫోటోల్ని పెద్దవి చేసే పని. పెండ్లయినవాళ్లు, పోయినవాళ్లు, ఈ రెండు రకాలే గిరాకీ. చివరికొచ్చేసరికి పోయినవాళ్లే ఎక్కువ.

భాయ్ సాత్వికుడు అని రాస్తే ఆయన లేచొచ్చి నన్ను కొడతాడు. పరమ ముక్కోపి. ఎండలో పడి వచ్చిన మనిషిని కూర్చోమనేవాడు కాదు. ముందు ఫోను లాక్కునేవాడు.

“ఎవరు తీసిండేది ఇది?”

“మా మరిది, బాయ్.”

“మరి మరిది ఫోన్లో ఉండేది తేప్పా. ఇది ఆయన మీ యక్కకు పంపి, మీ యక్క గ్రూపులో యేసి, గ్రూపు నుంచి నీకొచ్చిండేది. ఈడికొచ్చేతలికి సగం రాలిపోయింది.”

“ఫోన్లో బాగానే కనపడ్తాండాది కదా?”

“ఫోనెంత? అరసెయ్యంత. నువ్వు అడిగేదెంత? తలుపంత!”

అక్కడి నుంచి రొట్టె పాఠం మొదలు. ఫోటో అంటే పిండిముద్ద. చిన్న ముద్దతో చిన్న రొట్టె కొడితే చక్కగా పొంగుతుంది. అదే ముద్దను పెనమంతా పరచాలని కొడుతూ పోతే పలచనై, నడుమ చిల్లి పడుతుంది. ఫోటోకు పడే చిల్లులే ఆ గళ్లు. “పిండి ఎంతో రొట్టె అంతేప్పా” అని ముగించేవాడు. జొన్నరొట్టె తిని పెరిగిన ఏ మనిషికైనా అర్థమయ్యే మాటే. కానీ పోయిన తల్లి ఫోటో పట్టుకొచ్చినవాడికి రొట్టె సంగతి చెబితే ఒళ్లు మండదా? సగం మంది తిట్టుకుంటూ పోయేవాళ్లు.

నేనూరుకునే రకం కాదు కదా. “పక్కింట్లో ఇంత పిండి అడుక్కొచ్చి కలిపితే సరిపాయ గదా భాయ్?” అన్నాను ఒకసారి.

“కలుపుకోరా పంచర్. అప్పుడది నీ రొట్టె గాదు, పక్కింటోళ్లది.”

ఇంకోసారి మా తాత గుండు అని చెప్పి ఒక ఫోటో ఇచ్చాను. ముఖం మసకబారింది, ఎట్లైనా పెద్దది చేసి పెట్టమని బతిమాలాను. కళ్లద్దాలు నొసటికి ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి చాలాసేపు చూశాడు. తర్వాత గోడ మీద దబదబా గుద్దాడు. “ఒరే, మీ తాతకు నెత్తిన వాల్వు ఉండాదేమిరా?” అది ఉబ్బిన ట్యూబు ఫోటో. ఆ వారమంతా నన్ను ‘వాల్వు తాత మనవడా’ అనే పిలిచాడు.

ఆయన్ను గురించి ఒకటే సంగతి చెప్పమంటే నేను కోడుమూరు దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన సంగతి చెబుతాను. భార్య పోయింది. ఊరోళ్లంతా కలిసి మహానంది పోయినప్పుడు తీసిన గుంపు ఫోటోలో, చివరి వరసలో నిలబడి ఉందామె. అదొక్కటే ఫోటో. ఫోను భాయ్ చేతికిచ్చి పెద్దాయన అన్నాడు:

“నాకు కండ్లు పోతాండాయి సామీ. ఫోన్లో యాడుందో కనపడదు. పెద్దది జేస్తే, కండ్లు పూర్తిగా పోకముందు శానాసేపు సూసుకుంటా.”

ఆ రోజు భాయ్ రొట్టె ఊసెత్తలేదు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. అలా కూర్చోమనడం నేను మొదటిసారి చూశాను.

“ఎవరు తీసినారప్పా ఇది?”

“మా తమ్ముని కొడుకు. బెంగుళూరులో పనికి పోయినాడు.”

“ఆయన ఫోన్లో ఇంగా ఉంటాది. పంపమను. ఫోటో మాదిరి పంపితే నలిగిపోతాది, డాక్యుమెంటు మాదిరి పంపాలని సెప్పు. మర్సిపోతావేమో. ఏదీ, అను?”

“డాకిమెంటు.”

“డాక్యుమెంటు.”

“డాకిమెంటు” అని గొణుక్కుంటూ లేచాడు పెద్దాయన. నా నోటికి దురద. “జాగ్రత్త పెద్దాయనా, డాక్యుమెంటు అడిగితే పొలం కాయితాలనుకోని మీ తమ్ముడు కట్టె ఎత్తుకుంటాడు!” అన్నాను. ఆయన నవ్వలేదు. అయితే కోప్పడనూ లేదు.

ఆయన ఆటో ఎక్కగానే భాయ్ చేసిన పని చూసి నాకు మతిపోయింది. మూరెడు పొడవు ఫ్రేము, అద్దంతో సహా కట్టించి పెట్టాడు. ఫోటో లేదు, ముఖం లేదు. లోపల తెల్ల కాగితం.

“ఇదేంది భాయ్, బిడ్డ పుట్టకముందే కుల్లాయి?”

“నోర్ముయ్ రా. వచ్చినంక ఆయన్ను మళ్లీ తిప్పేదెందుకు?”

పెద్దాయన వచ్చాడు. నేనన్నట్టే అయిందట. డాక్యుమెంటు అనగానే తమ్ముడు ఇంటి మీదికొచ్చి రచ్చ చేశాడట, చివరికి బెంగుళూరు పిల్లోడే ఫోన్లో అందరికీ సర్దిచెప్పాడట. కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచి, ఆమె ముఖాన్ని దగ్గరికి లాగి భాయ్ మూలమూలా వెతికాడు. “పిండి ఉండాది” అన్నాడు ఆఖరికి. అచ్చు తీసి గోడకు నిలబెట్టి, పెద్దాయన భుజాలు పట్టుకుని వెనక్కి నడిపించాడు. “ఇంగొంచెం. ఇంగొంచెం దూరం. ఆఁ, ఈడ నిలబడు.” పెద్దాయన కళ్లు చిట్లించి చూసి, “ముక్కుపుడక గూడ వచ్చిందే” అన్నాడు. అంతే.

తర్వాత రోడ్డుకు అవతల కొత్త షాపు పడింది. వాళ్ల దగ్గర రొట్టె పాఠం లేదు, యాప్ ఉంది. గోరంత ముఖం పెట్టినా చిటికెలో తలుపంత చేసి, నున్నగా ఇస్తుంది. భాయ్‌ని తిట్టుకుంటూ పోయేవాళ్లంతా నేరుగా రోడ్డు దాటేవాళ్లు. తిట్టుకోని వాళ్లూ దాటారు. ఒకరోజు భాయ్ గొంతు తగ్గించి, “ఎట్ల చేస్తాండారో చూసి రాపో” అని నన్ను పంపాడు. నా ఫోటోనే చేయించుకొచ్చాను. అమ్మవారి మచ్చలు పోయాయి, రంగు తేలింది, కొత్తల్లుడిలా ఉన్నాను. భాయ్ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

“మీ యమ్మకు చూపీ. నా కొడుకు యాడరా అని నిన్నే అడుగుతాది.”

నవ్వాననుకోండి. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం నుంచి కంప్యూటరు మీద గుడ్డ కప్పే ఉండేది. షట్టరు ఎత్తేవాడు, కుర్చీలో కూర్చునేవాడు, రోడ్డు చూసేవాడు, దించేవాడు. ఆ పని నేర్చుకుంటానని ఎవరూ రాలేదు. వచ్చినా, నేర్చుకుని ఏం చేయాలో ఆయనకూ తెలియదు.

అట్లా కూర్చుని ఒక మధ్యాహ్నం నోరు తెరిచి నిద్రపోయాడు, కళ్లద్దాలు నొసటి మీదే. నేనూరుకుంటానా? టకీమని ఫోటో తీసి, ‘ఫోటో భాయ్ డెవలప్ అవుతాండాడు’ అని రాసి స్టాండు గ్రూపులో వేశాను. అందరూ పడిపడి నవ్వారు. లేచాక ఆయనకూ చూపిస్తే, “వెలుతురు ఎదురుంగ పెట్టి తీసినావు గదరా గాడిదా” అన్నాడు. తన ముఖం గురించి ఒక్క మాట లేదు. తర్వాత నా ఫోను ట్యూబులు ముంచే నీళ్లతొట్టిలో పడి చచ్చింది. అసలు ఫోటో దాంతోపాటే పోయింది. మిగిలింది గ్రూపులో నలిగినదే.

భాయ్ పోయాక తేలిన సంగతేమంటే, ఆధారు కార్డులోని నల్లటి మరక తప్ప ఆయన ఫోటో ఇంకెక్కడా లేదు. ఊరందరి ముఖాలూ పెద్దవి చేసిన మనిషి, ఎప్పుడూ కెమెరాకు వెనకవైపే. వాళ్ల ఇంట్లో గోడకు ఫోటోలు పెట్టరు, అది వాళ్ల పద్ధతి. కానీ స్టాండులో ఫ్లెక్సీ కట్టకపోతే ఎట్లా? ఆయన పెద్దబిడ్డను అడిగితే, “రోడ్డు మీద మీ ఇష్టమన్నా, ఇంట్లో మాత్రం వద్దు” అంది. ఆయన ఇందరి ముఖాలు పెద్దవి చేసి ఇచ్చినట్టు, ఒక్కసారి ఆయన ముఖాన్ని నేను పెద్దగా చూడాలి. నాకు కావలసింది అదొక్కటే. గ్రూపులోని ఆ నలిగిన ఫోటో పట్టుకుని నేనే రోడ్డు దాటాను.

యాప్ దాని పని అది చేసింది. నోరు మూసింది. తెల్లటి పళ్లు కొంచెం బయటపెట్టి నవ్వించింది. నొసటి మీది కళ్లద్దాల్ని మాయం చేసింది. నిద్రపోతున్న మనిషికి కళ్లు తెరిపించింది. పెద్ద కళ్లు, తేనెరంగువి. షాపు పిల్లోడు, “చూడన్నా, ఎట్ల లేపినామో!” అన్నాడు. ఫ్లెక్సీ కట్టాం. దానికింద నిలబడి ఆటోవాళ్లు దండం పెట్టారు. నేనూ పెట్టాను. ఎవరికి పెట్టానో నాకు తెలియదు.

భాయ్ భార్య, మా భాబీ, ఇద్దత్‌లో ఉంది, మొగుడు పోయినాక పాటించే ఆ గడువు తీరేదాకా బయటికి రాదు. ఫ్లెక్సీ చూడలేదు కదా అని, అదే ముఖాన్ని కాగితం మీద వేయించి తీసుకెళ్లి గుమ్మంలో పెద్దబిడ్డ చేతికిస్తే, ఆమె పరదా లోపలికి అందించింది. పరదా వెనక నుంచి భాబీ గొంతు వినిపించింది.

“ఎవరప్పా ఈయన? మీ ఇంటోళ్లా?”

పెద్దబిడ్డ తల వంచుకుంది. “అబ్బా అంటమ్మీ” అంది, నాయనను వాళ్లు పిలిచే పిలుపుతో.

కాసేపటికి కాగితం పరదా కింద నుంచి బయటికొచ్చింది. “ఆయన కండ్లు ఇట్లుండవు. ముందుది ఉండాదంట గదా, నిద్రపోయేది. చిన్నదైనా అదే చూపీ.”

ఫోను లోపలికి పంపాను. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి దాని తెర ఆరిపోయి ఉంది.

ఇప్పుడు స్టూడియో ఖాళీ చేశారు. కుర్చీ, కంప్యూటరు ఎవరో ఎత్తుకుపోయారు. పనికిరాదని వదిలేసిన ఒక వస్తువు మాత్రం నా షాపులోకి వచ్చింది, గాలి మిషను పైన మేకుకు తగిలించాను. టైరు కోసం వచ్చినవాళ్లు తలెత్తి చూసి, “ఇదేందన్నా, లోపల ఎవరూ లేరే?” అంటారు. మూరెడు పొడవు ఫ్రేము. అద్దం. వెనక తెల్ల కాగితం.

కోడుమూరు పెద్దాయన ఆ రోజు ఆటో ఎక్కి పోయినవాడు మళ్లీ రానేలేదు. ముక్కుపుడక మాట నేను కల్పించిందే. తమ్ముడి రచ్చా అంతే. రాసుకుంటూ వస్తే భాయ్ గురించి చెప్పుకోవడానికి ఒక్క మంచి సంగతీ నిండుగా లేదు, అందుకని పక్కింటి పిండి కలిపాను. జరిగిందల్లా ఇంతే: ఆటో ఆగిన ప్రతిసారీ భాయ్ కుర్చీలోంచి సగం లేచి దిగేవాళ్లను చూసేవాడు. మళ్లీ కూర్చునేవాడు. కూర్చునే ముందు, భుజం మీది తువ్వాలుతో ఆ ఖాళీ ఫ్రేము అద్దం మీద దుమ్ము తుడిచేవాడు.