పట్టీ వదిలినప్పుడు

మా ఆయన వయసంతా పుణెలో బిల్డింగు పనుల్లోనే గడిచింది. ఆత్మకూరులో నేను బట్టలు కుడుతూ ఇల్లు చూసుకునేదాన్ని. ఇక వలస పోనని ఇంటికి వచ్చిన ఏడాదే, కడుపులోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బిందని స్కానింగులో తేలింది.

ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లాం. మిగతా నాళాలు ఎలా పనిచేస్తున్నాయో ముందు చూస్తామంది డాక్టరమ్మ. సూదీ లేదు, కోతా లేదు. ముంజేతికి బీపీ పట్టీ బిగించి, మోచేతిపైన స్కానింగు యంత్రం ఆనించింది. కాసేపు రక్తాన్ని ఆపి వదిలితే నాళం ఎంత విచ్చుకుంటుందో చూడటమే ఆ పరీక్ష.

"తిమ్మిరెక్కుతున్నది. జర ఈ చెయ్యి పట్టుకో," అని రెండో చెయ్యి చాపాడు ఆయన నాతో. పరాయివాళ్ల ముందు తన చెయ్యి పట్టుకోమనడం అదే మొదటిసారి.

పట్టీ వదలగానే యంత్రంలోంచి రక్తం ఉరికే చప్పుడు గదంతా నిండింది.

"గింత జోరుగ ఉరుకుతదా నాది?" అని ఆశ్చర్యపోయాడు.

"ఇన్నేండ్లు పుణెకు ఉరికినోనివి. గట్లనే ఉరుకుతది," అన్నాను. డాక్టరమ్మ కూడా నవ్వింది.

నాళాలు కొంత బిరుసెక్కాయని, జాగ్రత్తగా చేస్తామని చెప్పింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత రెండు వానకాలాలు ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం. మూడోదానికి ఆయన గుండెపోటుతో పోయాడు.

ఆయన పుణెలో ఉన్నన్నాళ్లూ ఒంటరిగా తినడం నాకు కష్టమనిపించలేదు. ఇప్పుడు ముద్ద దిగడం లేదు.