తెర మీద సత్రపట్టి గుడ్డ

సత్రపట్టి రోడ్డులోకి తిరిగితే చాలు, గంజి వాసన మొహానికి కొడుతుంది. మా రాజపాళయం పక్క ఊరే అది. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే పల్చటి గుడ్డ అక్కడ నేస్తారు, గంజి పెట్టి పొడుగాటి తాళ్ళ మీద ఆరేస్తారు. మొన్న స్కూటర్ ఆపి కాస్త గుడ్డ కావాలంటే దుకాణం ఆవిడ "ఎవరికమ్మా దెబ్బ తగిలినాది?" అని కంగారుపడింది. "ఎవరికీ లేదక్కా, విమానానికి" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఇక అడగడం దండగనుకుందేమో, మడిచి చేతిలో పెట్టింది. ఆ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ఆసుపత్రి గుర్తు రాదు. చిన్న విమానం, వేడెక్కిన సీటు, పక్కన కె.వి. సార్ గుర్తొస్తారు.

కె.వి. సార్‌ది మా వీధే. నూలు మిల్లున్న రాజుల ఇంట్లో పుట్టి మిల్లు గడప తొక్కని మనిషి. అన్నదమ్ములంతా మిల్లులో కుదురుకుంటే ఈయన రెండు గంటల దూరంలో ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో విమానం నడపడం నేర్పేవారు. పెళ్ళిసంబంధాల మాటలప్పుడు వాళ్ళింట్లో ఆయన సంగతి ఎత్తేవాళ్ళు కాదని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. మాది ఊళ్ళో ఉంటూ, పక్కనున్న మంసాపురంలో కొబ్బరితోట చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం రాసిన పిల్లని నేను. ఈ రాసే తెలుగు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నదే. నేను పైలట్‌నవుతానంటే నాన్న ఇంకెవరినీ అడక్కుండా నన్ను సార్ ఇంటి తిన్నె మీదికి తీసుకుపోయాడు. సార్ ఒకటే ప్రశ్న వేశారు. "మీ ఇంటి నుంచి ఇక్కడికి నడిచి వచ్చినావే, దారిలో ఏమేమి చూసినావు?" నేను కాసేపు ఆలోచించి, ఏమీ సరిగా చూడలేదు సార్ అన్నాను. "సెరి, నేర్చుకోవచ్చు" అన్నారు. చూసినట్టు కథ అల్లి ఉంటే పంపించేసేవారని తర్వాత తెలిసింది.

నేను చేరిన కొత్తలోనే స్కూలు విమానాల్లో చుట్టుపక్కల విమానాలను చూపించే తెర బిగించారు. మన విమానం మధ్యలో ఉంటుంది, మిగతావి చిన్న చిన్న గుర్తులుగా కదులుతుంటాయి, ఎవరైనా మరీ దగ్గరికొస్తే లోపలి గొంతు "ట్రాఫిక్, ట్రాఫిక్" అని అరుస్తుంది. మేమంతా మురిసిపోయాం. ఆ సోమవారం కె.వి. సార్ రాజపాళయం నుంచి వస్తూ సత్రపట్టిలో ఆగి గుడ్డ తెచ్చారు. మడతలు పెట్టి ఆ తెర మీద వేలాడదీశారు. పద్ధతి ఇది: ముందు బయట చూడాలి. చూసినదేమిటో పైకి చెప్పాలి. ఆ తర్వాతే గుడ్డ ఎత్తి తెర ఏమంటోందో చూడాలి. అరిచే గొంతును మాత్రం ఆపనిచ్చేవారు కాదు. మిగతా బోధకులు వేళాకోళం చేశారు. కొత్త కోడలికి ముసుగేసినట్టుంది అన్నాడొకాయన. సార్ కూడా నవ్వారు గానీ గుడ్డ తీయలేదు.

నాకు ఆ గుడ్డంటే ఒళ్ళుమంట. ఒకరోజు పొలాల మీద ఎగురుతుంటే ఆయన కిందికి వంగి ఏదో సర్దుకుంటున్నారు. నేను గుడ్డ అంచు ఎత్తి, తెర ఖాళీగా ఉండటం చూసి, ధీమాగా "ఎవరూ లేరు సార్" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే అడిగారు.

"లేరని ఎవరు చెప్పినారు?"

"తెర ఖాళీగా ఉంది సార్."

"తెర ఖాళీ. ఆకాశం?"

అప్పుడు చూశాను. మాకు కొంచెం కింద, కుడివైపున, తెల్లటి రెక్కలతో ఒక మైక్రోలైట్, గాలిపటమంత తేలికైన బుల్లి విమానం, తాపీగా పోతోంది. అందులో ఉన్నతను మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు కూడా. నేను చెయ్యి ఊపే స్థితిలో లేను. సార్ మాత్రం ఊపారు.

ఆ వారాంతం ఊళ్ళో వాళ్ళింటి తిన్నె మీద ఆ సంగతి, మాట నొక్కాల్సిన చోటల్లా తమిళపు 'దా' తగిలిస్తూ, విడమరిచి చెప్పారు. ఆయన కుక్క మణి కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. తెల్లటి రాజపాళయం జాతి కుక్క, మా ఊరి తెల్ల కుక్కల్లో చాలావాటిలాగే పుట్టు చెవిటిది. "మన చావడిలో పండగనాడు ఇంటింటి పేరు పిలిచి ప్రసాదం ఇస్తారు కదా. పేరు పిలిస్తే లేచేవాడు దా లెక్కకు వస్తాడు. పేరు ఎక్కనివాడు స్తంభం పక్కనే నిలబడి ఉన్నా, పిలిచేవాడికి వాడు లేడు. ఈ తెరా అంతే దా. పిలిస్తే జవాబిచ్చే పెట్టె ఉన్న విమానమే దానికి తెలుస్తాది. ఆ పెట్టె లేనివాడు, ఉన్నా ఆపేసినవాడు, మన రెక్క చాటున పడినవాడు, ఎవరూ తెలియరు." ఇంకోటి కూడా చెప్పారు. తెర మీద గుర్తు ఉన్నచోట విమానం ఇప్పుడు ఉండదు, కాసేపటి ముందు ఉండింది. ఒక్కోసారి మన పెట్టె జవాబునే తెర పరాయివాడిదనుకుని, మన పక్కనే ఒక దయ్యాన్ని చూపిస్తుంది. "అయితే అది పనికిరాదా సార్?" అన్నాను. "పనికిరాదని ఎప్పుడు చెప్పినాను? ఒక్కదాన్నే నమ్మొద్దని దా చెప్పేది" అని కసురుకున్నారు.

నాకు లైసెన్సు వచ్చింది. కొన్నాళ్ళకు బోధకురాలి శిక్షణ కూడా ఆయన దగ్గరే మొదలుపెట్టాను. ఆ శిక్షణలో సీట్లు మారతాయి. నేను బోధకులు కూర్చునే కుడి సీట్లో, ఆయన ఎడమ సీట్లో విద్యార్థిగా. అప్పుడప్పుడూ మొద్దు విద్యార్థిలా నటించి నన్ను ఏడిపించడం ఆయనకు మహా సరదా. ఆరోజు మాత్రం నటన లేదు. దిగడానికి ఎయిర్‌ఫీల్డ్ వైపు తిరుగుతున్నాం. ఆయన తల తిప్పి, తీరిగ్గా, పద్ధతిగా చూసి "ఎడమవైపు ఎవరూ లేరు" అన్నారు.

తెర గొంతు అరిచింది. గుడ్డ మడతల వెనుక పసుపు గుర్తు మిణుకుమంటోంది. ముందుకు వంగి ఆయన అవతలికి చూశాను. ఇంకో స్కూలు విమానం, మా ఎత్తులోనే, ఎడమ నుంచి మా దారిలోకి వస్తోంది. దాచడానికి మబ్బు లేదు, మంచు లేదు. ఎర్ర గీత ఉన్న దాని ముక్కు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. సార్ ముఖం అటే ఉంది, చూపు మాత్రం దానికి కాస్త పక్కన. చూస్తూనే ఉన్నారు. చూడటం లేదు.

"నా కంట్రోల్" అన్నాను. ఆయన చేతులు ఆ క్షణమే వదిలేశాయి, వాదన లేదు. విమానాన్ని కిందికి, కుడికి వంచాను. ఆ విమానం చక్రాలు మా పైనుంచి పోయాయి. నేనే దించాను.

ఇంజన్ ఆపాక ఆయన అడిగారు. "వాడు ఎక్కడ ఉండినాడు?" చెప్పాను. "ఎంతసేపు?" అదీ చెప్పాను. ఆయన ఆ దిక్కుకే చూస్తూ కూర్చున్నారు. నాకు భయం వేసింది. రెండు విమానాలు గుద్దుకోబోయినందుకు కాదు, ఆయన తర్వాత ఏం చేస్తారో అర్థమైనందుకు. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉన్న మనిషి. ఆ సీటు తప్ప ఆయనకు ఇల్లంటూ ఇంకోటి లేదు.

"ఎండ కళ్ళల్లో పడింది సార్. నాకూ సరిగా కనబడలేదు" అన్నాను.

"ఎండ అటు పక్క లేదు కదమ్మా" అన్నారు మెల్లగా. మా వెనుక దిగిన ఆ విమానం వాళ్ళకు ఏమీ తెలియదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఆయన గుడ్డ తీసి, మడిచి నా ఒళ్ళో పెట్టారు. నేరుగా ఆఫీసుకు పోయి, జరిగింది జరిగినట్టు చెప్పి, లైసెన్సు అప్పగించి వచ్చారు. మదురైలో కంటి డాక్టర్లు చూసి, నీటికాసులట, పక్క చూపు ఎప్పటినుంచో కరుగుతోందట అన్నారు. ఎదురు చూపు బాగానే ఉండటంతో ఆయనకు తెలియలేదు. కనబడని చోట చీకటి కనబడదు, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుందని డాక్టరు చెప్పాడట.

ఆ తర్వాత చాలాసార్లు ఆ తిన్నె మీద కూర్చున్నాను. ఆయన ఏడవలేదు, తత్వాలు చెప్పలేదు. మిల్లు నుంచి పంపే కాఫీ బాగాలేదని, అన్నగారి కొడుకు కారు అడ్డంగా పెడతాడని గొణిగేవారు. ఒక సాయంత్రం మాత్రం మణి వైపు చూపించి అన్నారు. "చూడు, ఎప్పుడూ వాకిలి వైపే ముఖం పెట్టి పడుకుంటాది. వినబడదని దానికి తెలుసు. నాకు కనబడదని నాకే తెలియలేదు. తెర తప్పు చెప్తాదని ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పినాను. కన్నూ అట్లే దా అని ఒక్కరికీ చెప్పలేదు. అది నువ్వు చెప్పు." సరే సార్ అన్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. చివరిసారి నేను వెళ్ళినప్పుడు గేటు దాకా వచ్చారు. నేను స్కూటర్ తిప్పుతుంటే వీధిలోకి అడుగు పెట్టి, తల పూర్తిగా ఎడమకు తిప్పి, మళ్ళీ కుడికి తిప్పి చూశారు. వేల గంటలు ఎగిరిన మనిషి, ఇరుకు వీధిలో ఒక స్కూటర్ కోసం. "నాకు ఎవరూ కనబడలేదు. నువ్వు కూడా చూసి పో" అన్నారు.

ఇప్పుడు నా విమానంలోనూ ఆ గుడ్డ ఉంది. పాతది చిరిగిపోతే సత్రపట్టిలో కొత్తది కొంటాను. విద్యార్థులు బయట చూసి చెప్తారు, తర్వాత గుడ్డ ఎత్తుతారు. దానికి నేను ఒకటి కలిపాను. నా వైపు నేను చూసి, చూసింది చెప్పి, వాళ్ళను కూడా నా వైపు చూడమంటాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఇబ్బంది పడుతూ అడిగింది, "మీరు చూశాక నేనెందుకు మేడం?" అని. నా కళ్ళు బాగానే ఉన్నాయి, డాక్టర్లూ అదే అన్నారు. అయినా ఆమెకు వీధిలో ఆయన చెప్పిన మాటే చెప్పాను.

"నాకు ఎవరూ కనబడలేదు. నువ్వు కూడా చూడు."

ఆమె ముందుకు వంగి నా అవతలికి చూసింది.