ఇన్సాఫ్‌కి దొరికిన కుర్చీ

మన్సూరాలో శౌకీ కాఫీ కొట్టు ఎక్కడని అడిగితే ఏ ఆటోవాడైనా చెబుతాడు. శౌకీ భార్య ఇన్సాఫ్ మాత్రం పెళ్ళయిన పాతికేళ్ళలో ఒక్కసారి కూడా అందులో కూర్చుని కాఫీ తాగలేదు. ఎవరూ వద్దనలేదు. కాని అది మగవాళ్ళు హుక్కా పీలుస్తూ, డొమినో బిళ్ళలు బల్లమీద టపటపా కొడుతూ కూర్చునే చోటు. ఆమె మధ్యాహ్నం భోజనం క్యారియర్ తెచ్చి వెనక గుమ్మంలో ఇచ్చేసి వెళ్ళిపోయేది. మా వీధి ఆడవాళ్ళమందరం అంతే. మాకది వింతగా ఎప్పుడూ తోచలేదు.

నైలు ఒడ్డు రోడ్డు మలుపులో పెద్ద కంపెనీవాళ్ళ కాఫీ షాపు తెరిచాక శౌకీకి మనశ్శాంతి పోయింది. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి, కప్పుమీద మన పేరు రాసి మరీ ఇవ్వడం. కాలేజీ కుర్రాళ్ళు ఒక్కొక్కరే అటు మళ్ళారు. కొట్లో రోజూ ఇదే చర్చ. అక్కడ ఒక్క కప్పుకి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదీ బీన్స్ కూరా రొట్టే తినొచ్చని రైల్వేలో రిటైరైన అజ్మీ లెక్క తేల్చేవాడు. అక్కడైతే బట్టలకి పొగ వాసన పట్టదని ఎవరో కుర్రాడు అంటే అందరూ వాడిమీద పడేవాళ్ళు. శౌకీ ఇంటికొచ్చి కూడా అదే పాట. పాలు కాచి కాఫీ అని అమ్ముతున్నారనేవాడు, దేశాలన్నిటా ఒకే రుచి అని గొప్పలు, అదేమన్నా కాఫీయా సబ్బుబిళ్ళా అనేవాడు. ఇన్సాఫ్ వింటూ కూర కలుపుకునేది.

ఆ వేసవిలో ఆమెకు మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. వ్యాయామం చేయించే ఆసుపత్రి సరిగ్గా ఆ మలుపులోనే ఉంది. ఒకరోజు బయటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది, బస్సు జాడ లేదు, కాళ్ళు వణుకుతున్నాయి. కూర్చోడానికి అరుగు ముక్క లేదు. ఎదురుగా అద్దాల తలుపు తెరుచుకుంటే చల్లగాలి మొహానికి తగిలింది. లోపలికి వెళ్ళిపోయింది.

కౌంటర్లో అమ్మాయి కప్పుమీద రాయడానికి పేరడిగింది. అసలు పేరు చెబితే శౌకీ చెవిన పడుతుందని ఇన్సాఫ్ భయపడింది. నోటికొచ్చిన పేరు చెప్పింది, చనిపోయిన వాళ్ళమ్మ పేరు, సనియ్య.

కాఫీ బాగోలేదని నాతో తర్వాత తనే చెప్పింది. గింజ మాడింది, పాలు ఎక్కువ. కాని ఆ కుర్చీ! కిటికీ పక్కన, మెత్తగా. పక్కన ఇద్దరు అమ్మాయిలు చదువుకుంటున్నారు, ఒక తల్లి బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఎవరి భార్యవి, ఇక్కడెందుకు కూర్చున్నావు అని ఒక్కరూ అడగలేదు. బయట ఊరు నడుస్తుంటే చూస్తూ కూర్చుంది. అలా ఊరికే కూర్చోవడం ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

తర్వాత ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ వెళ్ళింది. నొప్పులు తగ్గాక కూడా వెళ్ళింది. ఇంటి దగ్గర శౌకీ ఆ షాపుని తిడుతుంటే మాత్రం మొగుడి అన్నం తింటూ శత్రువు ఇంట్లో విందుకి వెళ్ళొస్తున్నట్టు ఉండేది.

చలికాలం మొదట్లో ఒక ఉదయం ఆమె కాఫీ కోసం ఎదురుచూస్తోంది. తలుపు తోసుకుని శౌకీ లోపలికొచ్చాడు. దొంగతనానికి వచ్చినవాడిలా అటూ ఇటూ చూసి, గోడమీది ధరలు చదువుకుని, ఒక కాఫీ చెప్పాడు. ఇన్సాఫ్ కండువా మొహం మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

"సనియ్య ఆంటీ, మీ కాఫీ" అని పిలిచింది కౌంటర్లో అమ్మాయి.

అత్తగారి పేరు వినగానే శౌకీ వెనక్కి తిరిగి, కండువా చాటున భార్యని గుర్తుపట్టాడు. కప్పులు రెండూ తనే తెచ్చి బల్లమీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"వేసవి నుంచి."

"నా కాఫీ పాడైపోయిందా, ఇన్సాఫ్? నిజం చెప్పు. నా చెయ్యి పోయిందా?"

ఆమెకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ తిట్లన్నిటి వెనకా మనిషి భయపడుతున్నాడు. వయసు మీదపడి గింజ వేయించడం మరిచిపోయాననీ, ఎవరూ మొహం మీద చెప్పలేక అటు పోతున్నారనీ కుమిలిపోతున్నాడు. వీళ్ళ కాఫీ ఎంత గొప్పదో చూద్దామని ఇవాళ ధైర్యం చేసి వచ్చాడు.

"తాగి చూడు, రిహాబ్ నాన్నా" అంది, ఎప్పటిలా కూతురి పేరుతో పిలుస్తూ.

తాగాడు. మొహం చిట్లించాడు. ఇంకో గుక్క తాగి, "గింజ మాడ్చేశారు" అన్నాడు. అలా అంటుంటేనే అతని మొహం తేటపడింది.

"ఇంట్లో పొద్దున్నే నువ్వు కలిపిచ్చే కాఫీ ముందు ఇదెంత? కాఫీ కోసం రాలేదు నేను. కూర్చోడానికొచ్చాను."

"మన కొట్లో కుర్చీలు లేవా?"

"నేను కూర్చునేది ఒక్కటి చూపించు."

శౌకీ చుట్టూ చూశాడు. చదువుకుంటున్న అమ్మాయిల్ని, ఒక బిడ్డతల్లిని, కళ్ళద్దాల ముసలావిడని చూశాడు. కప్పు ఖాళీ చేయకుండానే లేచి, "పద, ఇంటికి వెళ్దాం" అన్నాడు. దారంతా ఆమె చేతి సంచీ అతనే మోశాడు. ఆ రాత్రి అతనికి నిద్రపట్టిందనీ, చాన్నాళ్ళకి అతని గురక విన్నాననీ ఇన్సాఫ్ నాతో నవ్వుతూ చెప్పింది.

కొట్టుని ఆనుకుని పక్కసందులోకి తెరుచుకునే గోదాములోంచి గింజల బస్తాలు తీయించి, సున్నం కొట్టించి, బల్లలు వేయించాడు శౌకీ. అక్కడ హుక్కా లేదు. అజ్మీకి ఒళ్ళు మండింది. "రేపు మా కప్పులమీద కూడా పేర్లు రాస్తావా ఏం?" అని ఎత్తిపొడిచాడు. "నీ పేరు నాకు నోటికొచ్చులే, బాకీ తీర్చేదాకా మరిచిపోను" అన్నాడు శౌకీ. అందరూ నవ్వారు, అజ్మీ కూడా.

మొదట ఆసుపత్రి నర్సులు వచ్చారు. తర్వాత మేమూ వెళ్ళాం, గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించి. మలుపులో అద్దాల షాపు ఇప్పటికీ కిటకిటలాడుతూనే ఉంటుంది, శౌకీ దాని ఊసెత్తడు. ఎప్పుడైనా అక్కడి కిటికీ మీద మనసు పోతే ఇన్సాఫ్ అతనికి చెప్పే వెళుతుంది. మిగతా రోజుల్లో మా బల్ల దగ్గర మా అందరి మాటలూ వింటూ, కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది.