పాత బండికి కొత్త చక్రాలు, మావయ్యకి పాత భయాలు

ఇంకొక్కసారి మావయ్య జన్మలో ఏ పనీ ఒక్కసారితో వదిలి ఎరగడు. ఆయన అసలు పేరు కట్టుకున్న భార్యకైనా గుర్తుందో లేదో గానీ, ఊరంతా ఆయన్ని ఇంకొక్కసారి అనే పిలుస్తుంది. దానికి కారణం భయం. చేసే పని మెకానిక్కు పని, తను బిగించిన ప్రతి నట్టూ తను అటు తిరగ్గానే వదులైపోతుందని ఆయన నమ్మకం.

ఓసారి భార్యతో సినిమాకి బయల్దేరుతూ ఇంటికి తాళం వేసి లాగి చూశాడు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగాడు. వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. పదకొండోసారి లాగేసరికి తాళంతో పాటు గడియ కూడా ఊడి చేతికొచ్చింది. "చూశావా, నే చెప్పలా?" అన్నాడు గొప్పగా. పాపం ఆవిడ ఆ సాయంత్రమంతా గడప మీద కాపలా కూర్చుంది.

మరోసారి పళ్ళ డాక్టరు పన్ను పీకి చేతిలో పెడితే, "ఈ పన్నేనంటారా? ఇంకొక్కసారి చూడండి" అన్నాడు. డాక్టరు విసుక్కుంటూ చూశాడు. ఖర్మ కాలి, అది కాదు, పక్కది! ఇక ఆ రోజు నుంచి ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేరు.

అలాంటి మనిషి చేతిలో మేనకోడలు తన పాత పికప్పు బండి పెట్టింది. మొక్కల నర్సరీ ఆమెది. మూడు నెలల కిందట కొండ రోడ్డు రెండో మలుపులో ముందు టైరు పేలింది. బండి గిర్రున తిరిగి, బండరాయికి రాసుకుని, లోయకి మూరెడు దూరంలో ఆగింది. ఒంటికి దెబ్బ తగల్లేదు. కానీ అప్పట్నుంచి స్టీరింగు కంటపడితే చాలు, మొహం తిప్పుకునేది. తాళంచెవి ముట్టుకునేదే కాదు. ఒక్కొక్కటే ఆర్డర్లన్నీ జారిపోయాయి. మిగిలింది శుక్రవారం కొండ మీది బడికి చేర్చాల్సిన మూడొందల మొక్కలు. అవి కూడా పోతే నర్సరీ మూసుకోవడమే.

ఆ పాత సైజు టైర్లు ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు. సోమవారం పొద్దున మావయ్య కొత్త రకం వ్యాను చక్రాలు నాలుగు దొర్లించుకొచ్చాడు. మధ్యాహ్నం మేనకోడలు వచ్చి చూసింది.

"బిగించేశావా మావయ్యా?"

"బిగించడం ఎంతసేపు అమ్మడూ! కొత్త చక్రం వెడల్పు, పాత బండి ఇరుకు. తిప్పితే లోపల రాసుకుంటుందేమోనని నా భయం. నువ్వెక్కి స్టీరింగు తిప్పు, నేను కింద దూరి చూస్తా."

"నేనా?"

"మరి పైనా కిందా నేనే ఉండాలంటే ఎలా? ఇంజను ఆపే ఉందిలే."

ఆమె సీట్లో కూర్చుంది. కుడికి తిప్పింది. "ఇంకొక్కసారి!" ఎడమకి తిప్పింది. "ఇంకొక్కసారి!" ముప్ఫై సార్లయ్యేసరికి భయం సంగతి దేవుడెరుగు, రెక్కలు పడిపోయాయి.

మంగళవారం చక్రం అదురుతుందేమోనని భయం పుట్టింది. "ఇంజను వేసి జానెడు ముందుకి రా. జానెడంటే జానెడే! మూరెడు వచ్చావంటే ఇక్కడే నా ప్రాణం పోతుంది." జానెడు ముందుకి, జానెడు వెనక్కి. బుధవారం గేటు దాకా. గురువారం వీధి చివరిదాకా. మావయ్య చక్రం వంకే చూస్తూ బండి పక్కనే పరుగెత్తి, కూరగాయల బండిని గుద్దుకుని, వంకాయల మధ్యలోంచే "ఇంకొక్కసారి!" అని అరిచాడు.

"రేపు కొండకి నువ్వే తోలు మావయ్యా" అని బతిమాలిందామె.

"అలాగే. కానీ చక్రం చప్పుడు పక్కసీట్లోకే బాగా వినిపిస్తుంది. నువ్వు మొదలుపెట్టు, నీవల్ల కాకపోతే నేను అందుకుంటా."

ఆ ఒక్క మాటే పట్టుకుని శుక్రవారం పొద్దున ఆమె బయల్దేరింది.

మొదటి మలుపు ఎలాగో గడిచింది. రెండోది కనపడగానే బండిని నత్తనడకకి తెచ్చింది. రోడ్డు పక్క బండరాయి మీద తన బండి రంగు ఇంకా అంటుకునే ఉంది. దాని పక్కన లోయ నోరు తెరుచుకుని ఉంది.

"మావయ్యా, నావల్ల కాదు. నువ్వు అందుకో."

"అందుకుంటా, అందుకుంటా! కానీ మలుపులో సీటు మారితే బండి వెనక్కి జారుతుందని నా భయం. ఇది దాటనియ్యి. అమ్మో! ముందు చక్రం రాసుకుంటోందా?"

ఆమె చెవి రిక్కించింది. "లేదు."

"సరిగ్గా విను!"

"లేదు మావయ్యా."

"ఎడంవైపు? ఇంకొక్కసారి విను తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

"లేదని చెబుతున్నానా! కాసేపు నోరు మూసుకో!" అని కసిరిందామె. కసిరాక చూస్తే మలుపు వెనకబడిపోయింది.

బడి దగ్గర మొక్కలు దింపించి ఆమె అత్తయ్యకి ఫోను చేసింది. "చేరాం అత్తయ్యా. చక్రాలకి నాలుగు రోజులు పట్టినా పని బాగా కుదిరింది."

"నాలుగు రోజులేమిటే? సోమవారం భోజనం వేళకే చక్రాల పని అయిపోయిందన్నారుగా మీ మావయ్య! ఇక పిల్లని సీట్లో కుదర్చడమే మిగిలిందన్నారు."

ఆమె ఫోను పెట్టేసి వెనక్కి చూసింది. మావయ్య బండి నీడలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయితే ఈ నాలుగు రోజులూ నాటకమా మావయ్యా?"

"మీ అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు" అని నసిగాడు మావయ్య.

"మలుపులో నా ప్రాణాలు పైకే పోయాయి తెలుసా? అప్పుడైనా అందుకుని ఉండకూడదూ?"

మావయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏమిటి అందుకునేది? నేను కొండ మీద బండి తోలి ఎరగను. చదును రోడ్డు మీదే రెండో గేరు దాటితే నాకు కళ్ళు తిరుగుతాయి."

ఆమె నిలువునా అదిరిపడింది. "ఓరి నాయనో! మరి ఏం చూసుకుని ఎక్కావు నా పక్కన?"

"నిన్నొక్కదాన్నే పంపడమంటే అంతకంటే భయమేసింది అమ్మడూ."

ఆమె చెయ్యిచ్చి లేపి, పక్కసీటు తలుపు తీసి కూర్చోబెట్టింది. కొండ దిగేటంతసేపూ మావయ్య కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. మలుపు తిరిగిన ప్రతిసారీ ఆమే చెబుతూ వచ్చింది: "ఏం లేదు మావయ్యా, అయిపోయింది."