కువైట్ నుంచి తిన్నగా అయిదు గంటలు

మా వదిన పోయిన రోజు ఉదయం ఏడింటికి ఆమె చెల్లెలు కువైట్ విమానాశ్రయం నుంచి నాకు ఫోన్ చేసింది. అక్కడ ఒకరింట్లో వంటపని ఆమెది. అక్కకు జ్వరం ముదిరిందని విని బయలుదేరింది. చావు కబురు దారిలో అందింది.

"ఇమానం ఎక్కుతన్నాను బావా. నేనొచ్చీవరకూ మట్టి సెయ్యకండి. ఒక్కసారి మొకం సూసుకుంతాను" అంది. లైను తెగింది.

అనంతగిరి పైన మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. తవ్విన గొయ్యి రాత్రికి తెరిచి ఉండకూడదు. ఉంటే ఇంకొకరిని అడుగుతుందంటారు. అందుకని, రావలసిన మనిషి ఎప్పుడొస్తుందో తేలాకే గునపం పడుతుంది. ఊరి పెద్ద, నాకు వరసకు తాత, ఆమె ఎన్నింటికి చేరుతుందని నన్నడిగాడు. ఊళ్లో డిగ్రీ చదివినవాణ్ణి నేను. అందులోనూ భూగోళం.

ఫోన్‌లో చూశాను. కువైట్ నుంచి విశాఖకు సుమారు మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, అయిదు గంటల చిల్లర. ఘాట్ రోడ్డుకు మూడు గంటలు నేనే కలిపాను. ఆ మాత్రం తెలివి ఉంది.

"మూడున్నరకి ఇక్కడుంటాది తాతా."

"తిన్నగా వత్తాదేటి? నడుమ ఎక్కడా దిగక్కర్నేదా?"

మా కొండల్లో దూరం అడిగేవాడు ముందు దారి అడుగుతాడు. ఎదురుగా కనిపించే ఊరికైనా గెడ్డ, అంటే కొండవాగు, దాటి, మెట్ట ఎక్కి, పూటంతా నడవాలి.

"ఆకాశంలో గెడ్డలేటి తాతా, సుట్టు తిరగడానికి?" అన్నాను. చావింట్లో కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మధ్యాహ్నం గొయ్యి తవ్వారు. మూడు దాటాక ఫోన్ మోగింది.

"హైదరాబాద్‌లో దింపీసినారు బావా. ఈ ఫోన్‌కి సిగ్నల్ ఇప్పటికి దొరికింది. వైజాగ్ ఇమానం రాత్రికి గానీ నేదంట."

నేను చూసిన లెక్క రెండు ఊళ్ల మధ్య గీసిన గీతది. ఆ గీత మీద తిరిగే విమానమే లేదు.

తాత గొయ్యి వంక చూశాడు, ఎండ వంక చూశాడు. "కానీండి" అన్నాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే కాస్త తేలిగ్గా ఉండేది. లైను తెగలేదు; వదినను దించాక ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను. మట్టి పడుతున్న చప్పుడు ఆమెకూ వినిపించే ఉంటుంది.

మర్నాడు తెల్లవారాక ఆమె వచ్చింది. ఇంట్లోకి వెళ్లకుండా తిన్నగా మట్టి దగ్గరికి నడిచింది. తాతా నేనూ వెనకే వెళ్లాం. లెక్క చెప్పింది నేనేనని ఎవరూ చెప్పకముందే చెప్పేశాను.

"నువ్వు సెప్పింది తప్పు కాదు బావా. గాల్లో ఉన్నది ఆపాటే. మిగతాదంతా ఎయిర్‌పోట్ కుర్సీలో కూకున్నాను."



వంగి మట్టిని తాకి అడిగింది: "అక్క తల ఎటేపుంది?"

నాకు తెలుసు. దించిన నలుగురిలో నేనొకణ్ణి. అయినా తాతను ఒకసారి అడిగి, అప్పుడు చూపించాను.