కావలా, కావల్ ఆ?

1946 మాఘమాసంలో నన్ను ధర్మపురి తాలూకాలో, పెరియంపట్టి వైపున్న ఒక పంచాయతీ బోర్డుకు గుమాస్తాగా వేశారు. బందరువాణ్ణి. తమిళం నేర్చుకుని ఆర్నెల్లయింది, అప్పటికే పండితుణ్ణయిపోయాననుకున్నాను. నా కొంప ముంచబోయింది ఆ పాండిత్యమే.

బోర్డు సమావేశాల మినిట్సు రాయడం నా పని. సమావేశంలో చిత్తు పుస్తకంలో తెలుగులో గీకేవాణ్ణి, తరవాత తీరిగ్గా తమిళంలో సాపు రాసేవాణ్ణి. మినిట్సులో చర్చ ఉండకూడదు, నిర్ణయం మాత్రమే ఉండాలి. తరవాతి సమావేశంలో దాన్ని చదివి, సవరణలుంటే చేసి, ప్రెసిడెంటు సంతకం పెడతాడు. సంతకం పడ్డాక జరిగిందేదో కాదు, పుస్తకంలో ఉన్నదే జరిగినట్టు లెక్క.

నా మొదటి సమావేశంలో మునెప్ప అనే నామినేటెడ్ సభ్యుడు లేచాడు. ఊరికి వెలుపలి వీధివాడు, చదువు లేదు. ఆ వీధికి బావి లేదు. ఊరి బావి దగ్గరికి వాళ్ళ ఆడవాళ్ళు వెళితే తరిమేసేవారు. నీళ్ళకు ఏటి దాకా నడవాలి. అతను రెండే ముక్కలన్నాడు: "మా వీధికి కిణరు కావల సామీ." కిణరంటే తమిళంలో బావి. అక్కడి తెలుగువాళ్ళ నోట వస్తువుల పేర్లన్నీ తమిళమే, క్రియ మాత్రం తెలుగు. బోర్డు ఒప్పుకుంది. నేను చిత్తులో "వీధి కిణరు కావల" అని గీకాను.

పది రోజుల తరవాత, చర్చ పంక్తులు వదిలేసి నిర్ణయం ఒక్కటే చూసి సాపు రాసేటప్పుడు నా తెలివి చూడండి! మా బందరులో అయితే "కావాలి" అంటాం, "కావల" అనం. అందుకని ఈ "కావల" కూడా తమిళమే కాబోలనుకుని, కాపలా అనే అర్థమొచ్చే "కావల్" రాసి పారేశాను. బావి అడిగిన మనిషికి, బావి దగ్గర కాపలావాణ్ణి పెట్టాను. ఊళ్ళో ఉన్న బావి ఒక్కటే. ఆ కాపలా ఎవరి మీదకు లేస్తుందో వేరే చెప్పాలా?

తరవాతి సమావేశంలో గొంతెత్తి చదివాను: "వీధిక్ కిణరు కావల్." మునెప్ప చెవికి అది అతని మాటే! సంతోషంగా తల ఊపాడు. "సవరణలేమైనా ఉన్నాయా?" అని ప్రెసిడెంటు అడిగాడు. సవరణలేవీ రాలేదు. ఆయన కలం సిరాలో ముంచాడు.

అప్పుడు మునెప్ప ఆగలేక అడిగేశాడు: "అట్లయితే ఎప్పుడు తవ్వేది సామీ?"

తవ్వడమా? కాపలావాణ్ణి తవ్వడమేమిటి? ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. గుమాస్తాకు సమావేశంలో నోరెత్తే హక్కు లేదు. సవరణ కోరాల్సింది సభ్యుడే. కలం కాగితం మీదకు దిగుతోంది. ఉద్యోగం పోతే పోనీ అనుకుని లేచి, "అయ్యా, ఆగండి! తప్పు నాది," అని అరిచాను. నిజంగా అరుపే అది.

ఊరి బావి పక్కనే పొలమున్న వైస్ ప్రెసిడెంటు, బోర్డు ఖర్చుతో దానికీ దొరకబోయిన కాపలా చేజారుతుంటే, ముఖం మాడ్చుకున్నాడు. ఆయనకు తమిళం బాగా చదవడం వచ్చు. బల్ల మీది ప్రతిని ముందే చూసి ఊరుకున్నాడని నాకు ఇప్పటికీ అనుమానమే. "చదివినారు, విన్నాము, ఎవురూ అడ్డం చెప్పలే. సంతకం పెట్టప్పా," అన్నాడు.

చిత్తు పుస్తకం చూపించాను. "'ల'కు పొల్లు లేదు చూడండి, ఇది కావల్ కాదు, కావల!" అన్నాను. ఏం లాభం! తెలుగు ఇంట్లో మాట్లాడేవాళ్ళే గాని ఆ గదిలో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తప్పు చేసినవాడే సాక్షి. ఆ పేజీలో తరవాతి పంక్తి కూడా చదివాను: "వైస్ ప్రెసిడెంటు: ఎన్ని అడుగుల లోతు?"

ప్రెసిడెంటు తల ఎత్తాడు. వైస్ ప్రెసిడెంటుకు వరసకు అల్లుడాయన. "అవును మామా, నువ్వు అడిగినావు, నాకూ గుర్తుండాది. కావలివానికి లోతెంతని అడిగినావా?"

గదంతా గొల్లుమంది. మామ కండువా దులుపుకుని, "సరే, దిద్దండప్పా," అన్నాడు. మునెప్ప లేచి సవరణ కోరాడు, ఎలా కోరాలో ప్రెసిడెంటే నేర్పాడు. సవరణంటే చర్చ మళ్ళీ తెరవడం కాదు, జరిగింది జరిగినట్టు పెట్టడం. తప్పు మాట మీద ఎర్ర సిరాతో ఒక్క గీత గీశాను. కింది అక్షరం కనబడాలి, చెరపకూడదు, అది నియమం. పైన సరైన మాట రాశాను, ప్రెసిడెంటు పొడి సంతకం చేశాడు. తరవాత నాకు మెమో ఇచ్చాడు, సంజాయిషీ రాసుకున్నాను. ఆ వేసవిలోనే బావి తవ్వారు, నీళ్ళు పడ్డాయి.

ఆ తరవాత రిటైరయ్యేదాకా నేను సాపు రాసేముందు సభ్యుడి దగ్గరికి వెళ్ళి, "నేను రాసింది సరేనా?" అని ఎప్పుడూ అడగలేదు. సరే అంటారు, అందరూ అంటారు. "దీనివల్ల రేపు ఏం జరగాలి?" అని అడిగేవాణ్ణి. మునెప్పను ఆనాడే అలా అడిగి ఉంటే, తవ్వాలనేవాడు.