దుప్పటి మీద పెద్ద కొత్వాలు

అంత పెద్ద పోలీసు అధికారిని దుప్పటి మీద నేయించిన ఘనత ఎమ్మిగనూరు మొత్తమ్మీద నాదొక్కదానిదే. అదీ ఇంకా పుట్టని కాలపు పోలీసును. ఇప్పటికీ ఎవరింట్లోనైనా మంచం మీద బొమ్మల దుప్పటి కనిపిస్తే నాకు నవ్వు ఆగదు. ఎదుటివాళ్ళు తమ పక్కలో ఏం లోపముందోనని తడుముకుంటారు, పాపం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు అది. నాకు పద్దెనిమిది, అక్కకు ఇరవై. మా నాన్న మగ్గాలకు డిజైన్లు గీసేవాడు. గ్రాఫు కాగితం మీద బొమ్మ వేసి, ఒక్కో గడినీ ఎర్ర ఇంకుతో నింపాలి. ఎర్ర గడి ఉన్నచోట అట్టకు చిల్లు కొడతారు. ఆ అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే, చిల్లును బట్టి దారం లేచి, కాగితం మీది నెమలి బట్ట మీదికి వస్తుంది. ఒక్క గడి తప్పినా నెమలికి మెల్లకన్నే. అందుకే నాన్న గీస్తున్నంతసేపూ ఇంట్లో నవ్వకూడదు.

"నవ్వు ఆపండే! గడి తప్పుతాది!"

మేమా, ఒకరి మొహం ఒకరు చూస్తే చాలు, ఇకిలించేవాళ్ళం. నవ్వొద్దన్నాక వచ్చే నవ్వు మామూలు నవ్వు కాదు. ముక్కులోంచి వస్తుంది.

ఒకసారి ఆదోని బస్టాండులో అమ్మ కొన్న వేయించిన చెనక్కాయల పొట్లం విప్పితే, అది ఏదో ఇంగ్లీషు బొమ్మల కథలోని పేజీ. ఆకాశం కనబడనంత ఎత్తు మేడలు, ఇనుప టోపీ పెట్టుకుని వేలు చూపిస్తున్న పోలీసు అధికారి ఒకడు. ముందూ లేదు, వెనకా లేదు. ఆ మిగతా కథంతా మేమే అల్లుకున్నాం. ఎమ్మిగనూరు, రెండువేల సంవత్సరం. కొళాయికి ఏడాదికొకసారి నీళ్ళు. ఊరికంతటికీ అధికారి పెద్ద కొత్వాలు. ఆయన రాజ్యంలో ఒకరు నవ్వితే జరిమానా, ఇద్దరు కలిసి నవ్వితే కుట్ర. ఎగిరే జీపులో దొంగనవ్వుల్ని వెతుక్కుంటూ తిరుగుతాడు. ఆ జీపు మాత్రం ప్రతిసారీ గోనెగండ్ల దగ్గర చెడిపోతుంది, దిగి తొయ్యాల్సిందే.

ఇంట్లో ఉన్నది గ్రాఫు కాగితమూ ఎర్ర ఇంకే కాబట్టి వాటితోనే గీశాను. గీత గీయడం నాకు రాదు, గళ్ళు నింపడమే వచ్చు. కొత్వాలు మొహమూ గడి గడిగానే వచ్చింది. పేజీ నంబరు కూడా నాన్న డిజైన్లకు వేసినట్టే మూలన వేసి చుట్టూ సున్నా చుట్టాను. మరి మొహం ఎవరిదంటారా? ముడిపడ్డ కనుబొమ్మలు, గుబురు మీసం, చెవి మీద పెన్సిలు. ఇనుప టోపీ ఒక్కటే కొత్తది.

ఆ రోజుల్లోనే నాన్నకు కళ్ళు మసకబారడం మొదలైంది. ఆదోని పత్తి వ్యాపారుల ఇంటి నుంచి పెళ్ళికూతురి కోసం నాలుగు దుప్పట్లు అడిగారు. నడిమధ్య పెద్ద నెమలి కావాలన్నారు.

"ఇది నువ్వే గియ్యి పాపా. బాగొస్తే నేను గీసే ఈ బల్ల నీది. రాకుంటే టీచరు ట్రైనింగుకు పంపిస్తా, ఎదురుసెప్పకూడదు" అన్నాడు నాన్న.

ఆ బల్ల కోసం నేను ప్రాణమిస్తానని ఆయనకు తెలుసు. పదకొండు రోజులు ఊపిరి బిగబట్టి నెమలి గీశాను. ఆ నెల డిజైన్లలో అది మూడో నంబరు కాగితం. నా బొమ్మల కథలో కొత్వాలు నిలువెత్తున కనిపించేదీ మూడో పేజీయే. అట్టలు కొట్టే ఆయన వాకిట్లోకొచ్చి మూడో నంబరు అడిగినప్పుడు, అక్క కొత్వాలు నడక నడిచి చూపిస్తోంది. నేను కడుపు పట్టుకుని నవ్వుతూనే, మూలన మూడు ఉన్న కాగితం చుట్టి ఇచ్చేశాను.

అట్టలు కొట్టేవాళ్ళు బొమ్మ చూడరు. ఎర్ర గడికి చిల్లు, తెల్ల గడి వదిలెయ్యడం, అంతే వాళ్ళ లోకం. నేసే ఆయనకైనా తెలియాలి కదా అంటారేమో. మా దగ్గర ఆ దుప్పట్లు బొమ్మ కిందివైపుకు పడేట్టు నేస్తారు. పైనుంచి చూస్తే దారాల గజిబిజే.

ఆదోని నుంచి పెళ్ళికూతురూ వాళ్ళ అవ్వా వచ్చిన పొద్దున నాన్నే స్వయంగా మడత విప్పి మంచం మీద పరిచాడు. ఇనుప టోపీ. మీసం. చెవి మీద పెన్సిలు. మంచం నిండా మా నాన్న వేలు చూపిస్తూ పడుకుని ఉన్నాడు. తక్కిన మూడింటి మీదా ఆయనే.

బల్ల పోయింది, అంతా పోయింది, నన్ను చంపినా పాపం లేదు అనుకున్నాను.

"ఎవురప్పా ఈయప్ప?" అనింది అవ్వ.

నాన్న కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బట్ట మీదికి వంగాడు. అవ్వ దుప్పటి వైపు చూసి, నాన్న వైపు చూసి, మళ్ళీ దుప్పటి వైపు చూసింది.

"ఓయమ్మా! ఈయప్ప నువ్వే కదప్పా!"

పెళ్ళికూతురు కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క ముక్కులోంచి ఆ పాడు శబ్దం వచ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏ క్షణాన నాన్న అరుస్తాడోనని చూస్తే, ఆయన భుజాలు కదులుతున్నాయి. మీసం కింద పళ్ళు. నా పద్దెనిమిదేళ్ళలో నాన్న పళ్ళన్నీ చూడటం అదే మొదలు.

నెమలి దుప్పట్లు పెళ్ళిలోపే నేయించి పంపుతానని నాన్న అవ్వకు మాటిచ్చాడు. అయినా పెళ్ళికూతురు కొత్వాలు దుప్పటి ఒకటి చంకన పెట్టుకునే పోయింది. మొగుడు కోపం చేసిన రోజు పరుస్తుందట.

మరునాడు లేచేసరికి నాన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. నా బొమ్మల కథ మొత్తం ఆయన చేతిలో ఉంది. కాగితాల్ని కళ్ళకు ఆనించుకుని చదువుతున్నాడు.

"సివరికి ఈయప్ప ఏమైతాడు?"

"ఇంకా గియ్యలేదు నాయనా."

నాన్న లేచి స్టూలు నా వైపు జరిపాడు. చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కూసో. ముందు ఆ నెమలి ఇంకోసారి సరిసూడు. తర్వాత ఈయప్ప ముక్కు దిద్దు. రెండు గళ్ళు ఎక్కువైంది."